మా చేతుల్ని లెక్కలోంచి తీసెయ్యకండి: సైగలు గుర్తించే రేడియో పట్టీలు తయారుచేసేవారికి బహిరంగ లేఖ

మణికట్టుకో, ముంజేతికో, వేలికో తొడుక్కునే రేడియో పరికరాలతో చేతి సైగలను గుర్తించే పనిలో ఉన్న ఇంజనీర్లకు, పరిశోధక విద్యార్థులకు, వాళ్ల గైడ్లకు, ఆ పరిశోధన పత్రాలను చదివి ఆమోదించే సమీక్షకులకు,

నమస్కారం.

నేను 22 ఏళ్లు యాంటెన్నాల పని చేసినవాణ్ణి. టవర్లెక్కి బిగించాను, బల్ల మీద పెట్టి ట్యూన్ చేశాను. నాలుగేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి పక్క పడిపోయింది. కాలు చాలావరకు తిరిగొచ్చింది. చెయ్యి సగమే వచ్చింది. వేళ్లు ముడుచుకుంటాయి గానీ, విచ్చుకోవడానికి ఏడెనిమిది సెకన్లు పడుతుంది. ఈ లేఖను ఎడమచేత్తో ఒక్కో అక్షరం కొట్టి రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఒక పరిశోధనశాలవాళ్లు మణికట్టు పట్టీ ప్రయోగానికి వాలంటీర్లు కావాలంటే సంబరంగా వెళ్లాను. నా పాత వృత్తీ, నా కొత్త అవసరమూ ఒకే వస్తువులో కలిశాయని ఆ సంబరం. పట్టీ లోపలివైపు రాగిరేకుతో చేసిన రెండు చిన్న యాంటెన్నాలున్నాయి. ఒక కుర్రాడు చాలా మర్యాదగా దాన్ని నా మణికట్టుకు బిగించాడు. తెరమీద పిడికిలి బొమ్మ వచ్చింది, రెండు సెకన్లు ఉంది. తర్వాత చాచిన అరచెయ్యి, రెండు సెకన్లు. నా వేళ్లు పిడికిలిలోంచి విచ్చుకోవడం మొదలయ్యేసరికి మూడో బొమ్మ వచ్చేసింది. నా చూపుడువేలు కొస కదలడం నాకు కనిపిస్తూనే ఉంది. పక్కన గ్రాఫులో గీత కూడా అదే క్షణంలో కిందికి వంగింది. అంటే యాంటెన్నా నా వేలిని చూసింది. సాఫ్ట్‌వేర్ మాత్రం ఆ ముక్కకు ‘చూపుడువేలు, బొటనవేలు కలపడం’ అని పేరు తగిలించింది. ఎందుకంటే అప్పుడు తెరమీదున్న బొమ్మ అది.

కొన్ని నెలల తర్వాత పాల్గొన్నవాళ్లందరికీ ఫలితాల కాగితం పంపారు. 12 మందిలో ఇద్దరి డేటాను, సైగలు సరిగా చెయ్యలేకపోయారన్న కారణంతో తీసేశారట. మిగిలిన పదిమందితో 97 శాతం ఖచ్చితత్వం వచ్చిందట. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను. రెండో మనిషి చేతులు వణికే ఒక పెద్దావిడ. ఆ రోజు వరండాలో నా పక్కనే కూర్చుని, ఇది వస్తే ఫోను పట్టుకోకుండానే కూతురితో మాట్లాడొచ్చు కదా బాబూ అని అడిగింది.

గ్రాఫులో చూసిన సంగతి వివరిస్తూ రెండుసార్లు ఉత్తరం రాశాను. మీ సహకారానికి ధన్యవాదాలు అని ఒక్క ముక్క జవాబొచ్చింది. ఆ పరిశోధనశాల పేరు ఇక్కడ చెప్పను. తప్పు ఒక్కచోటే జరిగుంటే ఈ లేఖ అవసరమే ఉండేది కాదు.

మీ పని విలువ నాకు తెలుసు. కెమెరాకు వెలుతురు కావాలి, చెయ్యి ఎదురుగా కనపడాలి, ఇంట్లో ఎవరున్నారో కూడా అది చూస్తుంది. కండరాల విద్యుత్తును కొలిచే పట్టీకి చర్మంతో మంచి కాంటాక్ట్ కావాలి. రేడియో తరంగానికి చీకటి అడ్డం కాదు, చొక్కా చెయ్యీ అడ్డం కాదు. యాంటెన్నా దగ్గరికి చెయ్యి పోతే దాని ట్యూనింగ్ తప్పిపోతుందని మా వృత్తిలో అందరికీ తెలుసు, తిట్టుకుంటూనే పని చేస్తాం. 1920 ప్రాంతంలో లియోన్ థెరెమిన్ ఆ ఇబ్బందినే వాయిద్యంగా మార్చాడు. చెయ్యి దగ్గరికి తెస్తే ఒక స్వరం, దూరం జరిపితే మరో స్వరం, తీగను తాకే పనే లేదు. మీరిప్పుడు ఆ చేతిలో ఒక్కో వేలు ఏం చేస్తోందో చదవాలని చూస్తున్నారు. ప్రపంచంలో ఏటా దాదాపు 1.2 కోట్ల మందికి కొత్తగా పక్షవాతం వస్తోంది. 2019 నాటికి చేతులు వణికే జబ్బు పార్కిన్సన్స్‌తో బతుకుతున్నవారు 85 లక్షల పైమాటేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బటన్ నొక్కలేని చెయ్యి, స్క్రీన్ మీద వేలు నిలపలేని చెయ్యి ఎవరిదో వాళ్లకే కదా మీ పట్టీ మొదట అందాల్సింది! అలాంటిది మమ్మల్నే మొదట తీసేస్తున్నారు.

అందుకని కొన్ని విషయాలు వరసగా మీ ముందు పెడుతున్నాను.

1. సైగ ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చెప్పాల్సింది చెయ్యి, తెరమీది గడియారం కాదు. రెండు సెకన్ల కిటికీ పెట్టి, అందులో పడిందానికల్లా ఆ బొమ్మ పేరు తగిలిస్తే, ఆలస్యంగా కదిలే చేతి డేటా అంతా తప్పుడు పేర్లతోనే నిండుతుంది. ఆ తర్వాత మోడల్ (డేటా చూసి సైగలు నేర్చుకునే ప్రోగ్రాం) నేర్చుకోలేదని మమ్మల్ని తప్పుపడుతున్నారు. పేరు తప్పుగా రాసింది మీరు. పక్కన ఒక వీడియో తీసి పెట్టుకుని, కదలిక మొదలైన చోటు చూసి పేరు పెట్టడం అంత కష్టమేమీ కాదు. శ్రమ ఎక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆ శ్రమ పడకుండా ‘సైగలు సరిగా చెయ్యలేకపోయారు’ అని రాయడానికి ఎవరికీ హక్కు లేదు. నేను చేశాను. నెమ్మదిగా చేశాను.

2. రాడార్ వాడేవారికి ఒక లెక్క చెప్తాను. 60 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 5 మిల్లీమీటర్లు. చురుకైన వేలు సెకనుకు అర మీటరు వేగంతో కదిలిందనుకుందాం. డాప్లర్ మార్పు, అంటే కదిలే వేలికి తగిలి తిరిగొచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీలో తేడా, 200 హెర్ట్జ్ వస్తుంది, ఎవరైనా పట్టుకుంటారు. నా వేలు సెకనుకు ఒక సెంటీమీటరు కదులుతుంది. దాని డాప్లర్ 4 హెర్ట్జ్. గోడలు, బల్లలు, కదలని వస్తువుల ప్రతిధ్వనిని తీసెయ్యడానికి మీరు ముందే ఒక ఫిల్టర్ పెడతారు. దాని అంచు 10 హెర్ట్జ్ దగ్గరుంటే గోడతో పాటు నా వేలూ పోయినట్టే! ఇది మోడల్ దాకా కూడా రాదు, కాబట్టి ఎంత పెద్ద న్యూరల్ నెట్‌వర్క్ తెచ్చినా లాభం లేదు. ఆ ఫిల్టర్ అంచు ఎక్కడ పెట్టారో, ఏ చేతుల వేగం చూసి పెట్టారో పత్రంలో రాయండి. నెమ్మది కదలికను ఫేజ్ (తిరిగొచ్చిన అల ఏ దశలో ఉందన్నది) మార్పుతో పట్టుకునే దారి ఉందని మీకు నాకంటే బాగా తెలుసు.

3. తీసి మళ్లీ పెట్టుకున్నప్పుడు ఏమవుతుందన్నది అన్నిటికంటే పెద్ద సమస్య. నా ఉద్దేశంలో చాలా పట్టీలు ఇక్కడే చతికిలబడతాయి, మామూలు చేతుల మీద కూడా.

2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కండరం డైఎలక్ట్రిక్ విలువ (విద్యుత్ క్షేత్రానికి ఆ పదార్థం ఎంతగా స్పందిస్తుందో చెప్పే అంకె) 50 దాటుతుంది. కొవ్వుకైతే 5 చుట్టూ ఉంటుంది. తేడా ప్రధానంగా నీటిది. పట్టీ యాంటెన్నాకు మణికట్టు అంటే చర్మం, కొవ్వు, స్నాయువులు, ఎముక, రక్తం అన్నీ కలిసిన ఒక మూట. ఆ మూటలో నీరు ఎక్కువైనా తక్కువైనా రెజొనెన్స్, అంటే యాంటెన్నా బాగా పలికే ఫ్రీక్వెన్సీ, పక్కకు జరుగుతుంది. వాడకం తగ్గిన చేతిలో కండరం తరుగుతుంది. కిందికి వేలాడే చేతికి నీరు దిగుతుంది. ఉదయం నా కుడి మణికట్టు ఎముకలు కనపడతాయి, సాయంత్రానికి అదే మణికట్టు మీద వేలితో నొక్కితే గుంట పడుతుంది. ఉదయం ట్యూన్ చేసిన మోడల్‌కు సాయంత్రం నేను వేరే మనిషిని. దీనికితోడు పట్టీ నాలుగైదు మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది, చెమట పడుతుంది, పక్కవేలికి ఉంగరం ఉంటుంది, మోచెయ్యి బల్ల మీద ఉన్నప్పుడొకలా, గాల్లో ఉన్నప్పుడొకలా రీడింగ్ వస్తుంది.

ఇన్ని మార్పుల మధ్య 97, 98 శాతం ఎలా వస్తున్నాయి? ఒకే కూర్చున్న పట్టున తీసిన డేటాను పేకముక్కల్లా కలిపి, కొన్ని శిక్షణకు, కొన్ని పరీక్షకు పంచుతున్నారు. అర సెకను తేడాతో తీసిన రెండు ముక్కల్లో ఒకటి పాఠం, రెండోది పరీక్ష! ప్రశ్నపత్రం ముందురోజే చేతికిచ్చినట్టు. నేను అడిగేది ఇది: ప్రతి పత్రంలోనూ మూడు అంకెలు ఉండాలి. అదే సెషన్‌లో వచ్చిన ఖచ్చితత్వం ఒకటి. పట్టీ తీసి, మరునాడు, వేరే పూట పెట్టుకున్నప్పుడు వచ్చింది రెండు. మోడల్ ఎన్నడూ చూడని కొత్త మనిషి చేతి మీద వచ్చింది మూడు. మూడో అంకె 60 శాతమే అయితే 60 అనే రాయండి. దాన్ని నమ్మి మేం ఓపిక పడతాం. 97 అని చెప్పి కొన్న వస్తువు ఇంటికొచ్చాక పనిచెయ్యకపోతే, మనిషి ముందుగా తన చేతినే అనుమానిస్తాడు. పక్షవాతం వచ్చినవాడికి ఆ అనుమానం ఎంత లోతుకు దిగుతుందో మాటల్లో చెప్పలేను.

4. సైగ చెయ్యని సమయం గురించి ఎవరూ మాట్లాడరు. పట్టీ అర సెకనుకొకసారి నిర్ణయం తీసుకుంటే గంటకు 7,200 నిర్ణయాలు. 99 శాతం సరిగ్గా ఉన్నా 72 తప్పులు. రోజుకు పది గంటలు తొడుక్కుంటే 720. రోజంతా మనిషి సైగలు చేస్తూ కూర్చోడు. తల గోక్కుంటాడు, అన్నం తింటాడు, దగ్గుతాడు. మాలాంటివాళ్లకు మరో సంగతి ఉంది: మాలో కొందరికి ఆవలింత వస్తే పడిపోయిన చెయ్యి తనంతట తానే పైకి లేస్తుంది. వైద్యులకు ఇది తెలిసిన విషయమే. ఆ లేచిన చేతిని, పట్టీ ఆదేశాలతో నడిచే చక్రాల కుర్చీ ‘ముందుకు పో’ అని అర్థం చేసుకుంటే? పొరపాటున ఫోనులో పాట మారితే సర్దుకోవచ్చు, కుర్చీ మెట్లవైపు కదిలితే సర్దుకోలేం. ‘ఏ సైగా కాదు’ అన్న తరగతికి మామూలు దినచర్యలో గంటల కొద్దీ తీసిన డేటా పెట్టి, గంటకు ఎన్ని తప్పుడు ఆదేశాలు వెళ్లాయో రాయండి. శాతం మాకు అక్కర్లేదు, గంటకు ఎన్నో కావాలి.

5. పట్టీని ఒంటిచేత్తో పెట్టుకోగలగాలి. ఆ రోజు నాకు తొడిగిన పట్టీకి బకిల్ ఉంది. ఎడమచేత్తో కుడి మణికట్టుకు బకిల్ బిగించడం మీరే ఒకసారి, కుడిచేతి వేళ్లు ఒక్కటీ కదపకుండా ప్రయత్నించండి. సిగ్నల్ బాగా రావాలని బిగుతుగా కట్టమంటారు. స్పర్శ సరిగా లేని చేతికి ఆ బిగువు తెలియదు, చర్మం కమిలాక కంటితో చూసి తెలుసుకోవాలి. సైగ అందిందని చెప్పడానికి పట్టీ కంపిస్తుంది. నాకు ఆ మణికట్టులో కంపనం తెలియదు! ఆ కుర్రాడు మూడుసార్లు అడిగాడు, వైబ్రేషన్ వచ్చిందా అంకుల్ అని. తెరమీద టిక్కు చూసి ‘వచ్చింది’ అన్నాను. శబ్దమో, వెలుగో, రెండో చేతికి కంపనమో, ఏది కావాలో ఎంచుకునే వీలు పెట్టండి.

6. భద్రత. మీ పరికరాల శక్తి సాధారణంగా మిల్లీవాట్లలో ఉంటుంది, నేను జనాన్ని భయపెట్టడానికి రాయడంలేదు. 6 గిగాహెర్ట్జ్ వరకు రేడియో శక్తి ఎంతవరకు శరీరం పీల్చుకోవచ్చన్న అంతర్జాతీయ మార్గదర్శకాలు కాళ్లు చేతులకు కిలోకు 4 వాట్లు, తల మొండేనికి 2 వాట్లు అంటాయి, 10 గ్రాముల కణజాలం మీద సగటున. మణికట్టు పట్టీ కాబట్టి మీరు మొదటి పరిమితితోనే చూసుకుంటారు. పక్షవాతం వచ్చిన చెయ్యి చాలామందికి మోచేతి దగ్గర మడుచుకుని ఛాతీకి ఆనుకుని ఉంటుంది. నాది నిద్రలో గంటల తరబడి అలాగే ఉంటుంది. కాబట్టి మొండేనికి పెట్టిన పరిమితితో, ఛాతీకి ఆనిన స్థితిలోనే పరీక్షించండి. గుండె లయ తప్పడం పక్షవాతానికి పెద్ద కారణాల్లో ఒకటి, అందువల్ల మాలో పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ ఉంటారు. సెల్‌ఫోన్‌ను పేస్‌మేకర్‌కు 15 సెంటీమీటర్లైనా దూరంగా పెట్టుకోమని వైద్యులు చెప్తారు. పడిపోయిన చేతిని ఛాతీకి 15 సెంటీమీటర్ల దూరంలో ఎల్లకాలం ఎవరు పట్టుకుని కూర్చుంటారు? పేస్‌మేకర్లతో కలిపి పరీక్షించి, ఫలితం పెట్టె మీద అచ్చువెయ్యండి.

7. ముడి సిగ్నల్‌ ఎక్కడికి పోతోందో చెప్పండి. వేలు కదలికతో పాటు నాడి, వణుకు, అలసట కూడా అందులో చదవొచ్చు. మణికట్టు పరికరంలోని కదలిక సెన్సార్లతో పిన్ నంబర్లు పసిగట్టవచ్చని 2016లోనే పరిశోధకులు చూపించారు. రేడియో దానికంటే లోతుగా చూస్తుంది. నా చెయ్యి బాగుపడుతోందో, పాడవుతోందో నాకంటే ముందు బీమావాళ్లకు తెలియకూడదు. గుర్తింపు పట్టీలోనే జరిగిపోవాలి. ముడి సిగ్నల్ బయటికి పోవాలంటే ప్రతిసారీ నన్ను అడగాలి.

ఒక పాత సంగతి గుర్తుచేస్తాను. 2016లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం విద్యార్థులిద్దరు అమెరికన్ సైగల భాషను మాటల్లోకి మారుస్తామంటూ చేతితొడుగులు తయారుచేస్తే పెద్ద బహుమతి వచ్చింది, లోకమంతా మెచ్చుకుంది. బధిరులు మెచ్చుకోలేదు. సైగల భాష వ్యాకరణం ముఖంలో, కనుబొమల్లో, ఒంటి కదలికలో కూడా ఉంటుంది, చేతులను మాత్రమే చదివేది భాషను చదివినట్టు కాదన్నారు. అదే విశ్వవిద్యాలయం భాషాశాస్త్ర విభాగం నుంచి బహిరంగ లేఖ కూడా వెలువడింది. ఆ విద్యార్థుల మనసు మంచిదే, ఆ విషయంలో నాకు సందేహం లేదు. కానీ వాడాల్సినవాళ్లను పని మొదలుపెట్టేటప్పుడు అడగలేదు. తొడుగు పోయి పట్టీ వచ్చింది, రాగితీగ పోయి రేడియో వచ్చింది, మమ్మల్ని ఇప్పుడూ ఆఖర్నే పిలుస్తున్నారు, పిలిచినా లెక్కలోంచి తీసేస్తున్నారు.

ఇవన్నీ రేపటికల్లా కావని నాకూ తెలుసు. యాంటెన్నా పని తొందరపెడితే కాదు. కాని రెండు పనులకు కొత్త పరికరం అక్కర్లేదు, కొత్త డబ్బూ అక్కర్లేదు. సమీక్షకులారా, ఒక మనిషి డేటా తీసేశామని పత్రంలో కనిపిస్తే, ఆ మనిషిని కలిపితే అంకె ఎంతో అడగండి, అది చెప్పేదాకా ఆమోదించకండి. గైడ్లారా, మీ దగ్గర తీసేసిన డేటా ఇంకా డిస్కుల్లో ఉండే ఉంటుంది. పాల్గొన్నవాళ్ల అనుమతి తీసుకుని దాన్ని బయటపెట్టండి. నా వంతు అనుమతి ఈ లేఖతోనే ఇస్తున్నాను. ఆ ఫైల్లో నా చూపుడువేలు కదిలిన గీత ఉంది, నేను కళ్లారా చూశాను.

ఆ పెద్దావిడ సంగతి తర్వాత నాకు తెలియలేదు. ఆమె గీత కూడా అదే డిస్కులో ఉంటుంది.

మళ్లీ ప్రయోగం పెడితే నేను వస్తాను. పొద్దున వేళ్లు కాస్త వదులుగా ఉంటాయి, అప్పుడొకసారి తీసుకోండి. సాయంత్రం చెయ్యి వాచాక ఇంకోసారి తీసుకోండి. ఒక్కో సైగకు పది సెకన్లివ్వండి.

ఇట్లు,
మీ పాత వాలంటీరు, మాజీ యాంటెన్నా టెక్నీషియన్